టప్పుమంటే సీసం

ఆ ఏడు ఆకులు రంగు మారకముందే కొట్లలో తూటాలు అయిపోయాయి. రోగం భయమని కొందరు, ఎన్నికల భయమని కొందరు అన్నారు. పట్నాల వాళ్లు పెట్టెలకు పెట్టెలు కొనుక్కుని మంచాల కింద దాచుకున్నారని మా తమ్ముడు డోయల్ ఒట్టేసి చెప్పాడు. ఎందుకు అయిపోయాయన్నది మా స్లేట్ వాగు లోయలో ఎవరికీ అక్కర్లేదు. నవంబరు చివర్లో దుప్పుల వేట తెరుస్తారు. చలికాలమంతా మేం తినే మాంసం ఆ రెండు వారాల్లోనే ఇంటికి రావాలి. తుపాకులు గోడలకు వేలాడుతున్నాయి, వాటిలో పెట్టడానికి ఏమీ లేదు.

అప్పుడు లోయ మొత్తానికి మా ఆయన గుర్తొచ్చాడు.

గని మూతపడ్డాక వర్లిన్‌ను ఎవరూ ఏ పనికీ పిలవలేదు. ఊపిరితిత్తుల్లో బొగ్గు పొడి పేరుకున్న మనిషిని ఎవరు పిలుస్తారు? వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చే పోయే బండ్లు చూస్తూ, నా వంటకు వంకలు పెడుతూ ఏళ్లు గడిపాడు. కానీ ఆయన జన్మలో తూటాలు కొన్న పాపాన పోలేదు. పాత సీసం కరిగించి అచ్చులో పోసుకోవడం వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ నాన్న తన నాన్న దగ్గర. కొట్లు ఖాళీ అయ్యాక మా మెట్ల ముందు పికప్ ట్రక్కులు ఆగడం మొదలైంది. ఎవరి చేతిలో చూసినా ఒక బకెట్టో డబ్బానో, అందులో ఏదో పాత లోహం.

అందరికంటే ముందు వచ్చింది డోయలే. టైర్ల షాపు నుంచి బకెట్టు నిండా తూకం బిళ్లలు తెచ్చాడు. కొత్త టైరు వేసినప్పుడు చక్రం ఊగకుండా అంచుకి కొడతారే, ఆ వేలెడు బిళ్లలు.

“ఏంట్రా అవి, మీ ఆవిడ చేసిన బిస్కట్లా?” అన్నాడు వర్లిన్ కుర్చీలోంచి లేవకుండా.

“అవి తెస్తే నీ ఇనప మూకుడు పగిలిపోద్ది బావా. ఇది సీసం. బకెట్టంతా సీసమే.”

“బకెట్టంతా సీసం దొరికే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు అడ్డమైనవన్నీ కొడుతున్నారు చక్రాలకి. కుమ్మరించు, చూద్దాం.”

డోయల్ వరండా నేల మీద కుమ్మరించాడు. వర్లిన్ ఆయాసపడుతూ కిందకు దిగి మెట్టు రాయి పక్కన చతికిలబడ్డాడు. ఒక బిళ్ల తీసి రాయి మీద జారవిడిచాడు. టప్పుమంది. దాన్ని పక్కనున్న కాఫీ డబ్బాలో వేశాడు. ఇంకోటి విడిచాడు. టింగుమంది. దాన్ని చూడనైనా చూడకుండా గడ్డిలోకి విసిరాడు.

“టప్పుమంటే సీసం. టింగుమంటే జింక్. అలాంటిది నాలుగు పడ్డాయనుకో, మూకుడంతా జావలా అయిపోయి అచ్చులోకి దిగి చావదు.”

“మరి ఇనుము పడితేనో?”

“ఇనుము నయం. పైకి తేలి నేనిక్కడున్నానని చెబుతుంది, గరిటెతో తీసిపారేస్తాం. జింక్ అలా కాదు, అచ్చం సీసంలాగే కూర్చుని కొంప ముంచుతుంది. నీలాగ.”

డోయల్ నవ్వాడు. వర్లిన్ కూడా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా. ఆయన అలా నవ్వి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు లేదు. నేను బీన్స్ ఒలుస్తూ తల వంచుకున్నాను, కళ్లలో నీళ్లు చూస్తే ఇద్దరూ కలిసి నన్ను ఏడిపిస్తారని.

అక్కడి నుంచి మా వరండా సంత అయిపోయింది. ఒకాయన పాత చర్చి కప్పు మీది రేకు తెచ్చాడు. ఒకడు వాళ్ల తాత ఇంటి నీళ్ల గొట్టం కోసుకుని తెచ్చాడు, చేపల గాలానికి కట్టే గుండ్లు తెచ్చినవాళ్లకైతే లెక్కే లేదు. వర్లిన్ గోటితో గీసేవాడు, కాగితం మీద రుద్ది గీత పడుతుందేమో చూసేవాడు, రాయి మీద వేసేవాడు. ఒకావిడ వాళ్ల అత్తగారి గిన్నె తెచ్చి ఇది సీసమేనా అని అడిగితే, “ఇది తగరం గిన్నె తల్లీ, కరిగించే సామాను కాదు. ఇంటికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టుకో. మీ అత్త మీద కోపముంటే వేరే దారి చూసుకో” అన్నాడు. ఆవిడ సిగ్గుపడి గిన్నె కోటు చాటున పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజుల్లో మా ఆయన పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. నా వంటకు వంక పెట్టడం కూడా మర్చిపోయాడు.

మా అమ్మాయి టెస్సా కూతురు జూనీ మా దగ్గరే ఉండేది. టెస్సా పట్నంలో ముసలివాళ్ల ఆశ్రమంలో ఆయా. ఆ ఏడు రోగం వల్ల సగం మంది పనిలోకి రాక, ఒకరి డ్యూటీ మీద ఇంకొకరి డ్యూటీ నెత్తిన వేసుకుని చేసేది. జూనీ తండ్రి ఎక్కడున్నాడని అడగొద్దు, మాకూ తెలీదు. జూనీకి రెండేళ్లు దాటాయి. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటోంది. తాత, పాలు, కుక్క, వద్దు. ‘వద్దు’ మాత్రం చాలా స్పష్టంగా అనేది, అది మా వంశపు బుద్ధి.

తాత ఎక్కడుంటే అదీ అక్కడే. వర్లిన్ మెట్టు రాయి దగ్గర కూర్చుంటే ఎదురుగా కూర్చునేది. ఆయనకి ముతక గుడ్డ కోటు ఒకటుండేది. రోడ్డు మలుపులో గుంట దగ్గర చక్రాల నుంచి ఊడిపడిన బిళ్లలు ఏరి ఆ కోటు జేబుల్లో వేసుకొచ్చేవాడు. జూనీ ఆ జేబుల్లో చేతులు పెట్టి ఒక్కొక్కటే బయటికి తీసేది. మధ్యాహ్నం ఆ కోటు కప్పితే గానీ నిద్రపోయేది కాదు.

ఒకనాడు అది ఒక బిళ్ల తీసి రాయి మీద వేసింది. అచ్చం తాతలాగే తల ఒక పక్కకి వంచి విన్నది.

“టప్” అంది.

తీసుకెళ్లి కాఫీ డబ్బాలో వేసింది.

వర్లిన్ నోరు తెరిచి నా వైపు చూశాడు. “చూశావా? ఏమే, చూశావా?”

“చూశాను. ఏదో కలిసొచ్చింది.”

“కలిసి రావడమేంటి? ఇంకోటి తియ్యి బంగారం.”

అది ఇంకోటి వేసింది. టింగుమంది. “టింగ్” అని గడ్డిలోకి విసిరింది. గడ్డిదాకా వెళ్లలేదనుకోండి, దాని కాళ్ల దగ్గరే పడింది. వర్లిన్ చప్పట్లు కొట్టాడు. ఆయన అరచేతులు గనిలో పార పట్టిన చేతులు, ఆ చప్పుడుకి పిట్టలు లేచిపోయాయి. జూనీ కిలకిలా నవ్వి మళ్లీ కోటు జేబులో చెయ్యి పెట్టింది.

చిన్న ముక్కలకి చప్పుడు సరిగ్గా తెలిసేది కాదు. అలాంటివాటిని వర్లిన్ దవడ పంటి కింద పెట్టి కొరికి చూసేవాడు. పన్ను దిగి గుర్తు పడితే సీసం. మెత్తగా దిగితే గొట్టం సీసం, కాస్త మొండికేస్తే టైరు సీసం, అసలు దిగకపోతే ఇంకేదో. కళ్లు మూసుకుని కొరికి, బయటికి తీసి గుర్తు చూసి, కోటుకి తుడిచి డబ్బాలో వేసేవాడు. వాళ్ల నాన్న అలాగే చేసేవాడు. ఈ లోయలో పెద్దవాళ్లందరూ అలాగే చేస్తారు. మగవాళ్ల పళ్లు చూసి ఎవరు తూటాలు పోస్తారో చెప్పొచ్చని మా అమ్మ నవ్వేది.

జూనీ అదీ నేర్చుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని పాలపళ్లతో కొరికేది. తీసి చూసేది, దాని గౌనుకి తుడిచేది. ఆ రోజు డోయల్ కూడా ఉన్నాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు.

“నీ ఉద్యోగం ఊడింది బావా! ఇక నుంచి నా బకెట్టు జూనీ మేడంకే చూపిస్తా.”

“చూపించు. నాకంటే ఖచ్చితంగా చెబుతుంది. దాని పళ్లు కొత్తవి” అన్నాడు వర్లిన్. అందరం చప్పట్లు కొట్టాం.

సీసం మంచిది కాదని మాకు తెలీక కాదు. తెలుసు. పొయ్యి వాగు అవతల షెడ్డులో ఉంటుంది. గాలి ఇంటి వైపు వీచే రోజున వర్లిన్ దాన్ని ముట్టించడు. పోత పోసి వచ్చాక బూట్లు వంతెన దగ్గరే విప్పేసి, మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుని గానీ పిల్లని ఎత్తుకునేవాడు కాదు. ఆ చెక్క వంతెనకి అడ్డంగా తలుపు కూడా కొట్టాడు, జూనీ దాటకుండా. మేం భయపడింది పొగకి. గట్టిగా, చల్లగా చేతిలో పడుండే ముక్క ఏం చేస్తుందని మా ఇంటా వంటా ఎవరూ అనుకోలేదు.

అక్టోబరులో జూనీ తిండి మానేసింది. దానికెంతో ఇష్టమైన మొక్కజొన్న రొట్టె కూడా తోసేసేది. కడుపు పట్టుకుని ఏడ్చేది, నిద్రలో ఉలిక్కిపడేది. పళ్లు వస్తున్నాయనుకున్నాం. ఆకులు రాలే కాలం పిల్లలకి పడదనుకున్నాం. అల్లం నీళ్లు పట్టాను. ఒక పూట “పాలు కావాలా?” అని అడిగితే మాట్లాడకుండా చెయ్యి చాపింది. కుక్క వచ్చి కాలు నాకినా పేరు పెట్టి పిలవలేదు. “పెంకితనం, మాట్లాడ్డానికి బద్ధకం” అన్నాను నేను.

పట్నంలో పిల్లల క్లినిక్‌లో రెండేళ్లకి చేసే పరీక్ష ఉంటుంది. టెస్సా తీసుకెళ్లింది. వేలు పొడిచి ఒక చుక్క రక్తం తీశారట. రెండో రోజు ఫోన్ వస్తే, టెస్సా ఆశ్రమం యూనిఫాంలోనే పరిగెత్తుకుంటూ వచ్చింది.

“రక్తంలో సీసం ఉందట అమ్మా. ఉండకూడనంత ఉందట.”

వర్లిన్ కుర్చీలోంచి లేచాడు. “అది ఎప్పుడూ షెడ్డు దగ్గరికి రాలేదే. ఒక్కసారి కూడా రానివ్వలేదు.”

“షెడ్డు గురించి నేను చెప్పాను నాన్నా. మీ జాగ్రత్తలు కూడా చెప్పాను. పాత ఇళ్లకి వేసిన సీసం కలిపిన రంగు వల్ల అయ్యుంటుంది అంది నర్సు. కిటికీల దగ్గర పెచ్చులు రాలితే పిల్లలు నోట్లో పెట్టుకుంటారట.”

మా ఇల్లు గని కంపెనీ కట్టించింది. దాని రంగు ఏనాటిదో ఎవరికి తెలుసు? కారణం దొరికిందని మాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. జూనీని కొన్నాళ్లు డోయల్ ఇంటికి పంపి, వర్లిన్ నడుం కట్టాడు. నర్సు చెప్పినట్టు తడిగుడ్డ పరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఇంట్లో ఉన్న ప్రతి కిటికీ గీకాడు. దగ్గు ఆగక మధ్యలో కూలబడిపోయేవాడు. “కాస్త ఆగి చెయ్యవయ్యా” అంటే, “పిల్ల ఇంటికి రావాలి గదే” అనేవాడు. కొత్త తెల్ల రంగు వేశాక మా ఇల్లు పెళ్లికూతురిలా తయారైంది. ట్రక్కుల వాళ్లు హారన్ కొట్టి మెచ్చుకున్నారు.

జూనీ తిరిగొచ్చింది. దాని కోసం తాత కోటు, దాని మెట్టు రాయి, దాని డబ్బా అలాగే ఉన్నాయి. వేట దగ్గర పడుతోంది కదా, బకెట్లు ఇంకా ఎక్కువయ్యాయి.

మళ్లీ రక్తం తీశారు. సీసం తగ్గలేదు. పెరిగింది.

ఆ సాయంత్రం టెస్సా వంటింట్లో నిలబడి కొత్త రంగు వేసిన కిటికీని గోళ్లతో గీకింది. “ఏం రంగు వేశావు నాన్నా? డబ్బా మీద చదివావా? చదివి వేశావా?”

“చదివానే తల్లీ.”

“మరెందుకు పెరుగుతోంది?”

జూనీ బల్ల కింద కూర్చుని ముగ్గురి కాళ్ల వైపు చూస్తోంది. దానికి అప్పటికి మిగిలిన మాటలు రెండే, టప్, టింగ్. ‘వద్దు’ కూడా పోయింది.

నవంబరు మొదట్లో నర్సు మా ఇంటికే వచ్చింది. ఫ్రేలీ అని, నా వయసు మనిషి, పక్క లోయలోనే పుట్టిందట. తడి కాగితాలతో కిటికీలూ తలుపులూ తుడిచి సంచుల్లో వేసుకుంది. కుళాయి నీళ్లు సీసాలో పట్టుకుంది. అంతా అయ్యాక వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. టెస్సా గడప మీద నిలబడి ఉంది. డోయల్ ముందు రోజు తెచ్చిన కొత్త బకెట్టు మెట్టు పక్కనే ఉంది.

“ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా అని ముందే అడిగాను. మీ అమ్మాయి షెడ్డు సంగతి చెప్పింది. మీ నోటితో కూడా ఒకసారి చెప్పండి” అంది ఫ్రేలీ.

“నేనే చేస్తానమ్మా. దాచడానికేముంది” అన్నాడు వర్లిన్. “తూటాలు పోస్తాను. పొయ్యి వాగు అవతల. గాలి ఇటు తిరిగితే ముట్టించను. బూట్లు అక్కడే విప్పుతాను. అదిగో, పిల్ల దాటకుండా తలుపు కూడా పెట్టాను చూడు.”

ఫ్రేలీ కళ్లజోడు సర్దుకుని వంతెన వైపు చూసింది. “మా నాన్న కూడా పోసేవాడు. ఇన్ని జాగ్రత్తలు ఎక్కడ, వంటింట్లోనే పోసేవాడు. మీరు బాగానే చూసుకుంటున్నారు.”

వర్లిన్ మొహం వెలిగింది. గంటసేపటి నుంచి దొంగలా కూర్చున్న మనిషి వెనక్కి వాలి కాఫీ అందుకున్నాడు.

జూనీకి చుట్టాలొస్తే ఆటలు చూపించాలి. అది ఫ్రేలీ మోకాళ్ల ముందుకొచ్చి నిలబడింది. బకెట్టులోంచి ఒక చిన్న ముక్క తీసి, వచ్చినావిడ చూస్తోందో లేదో చూసుకుని, రాయి మీద వేసింది. సరిగ్గా తెలియలేదు. మళ్లీ తీసుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని దవడ పంటి కింద పెట్టి కొరికింది. బయటికి తీసి గుర్తు చూసింది, గౌనుకి తుడిచింది, కాఫీ డబ్బాలో వేసింది. అప్పుడు తాత వైపు తిరిగింది.

వర్లిన్ చేతులు అలవాటు కొద్దీ పైకి లేచాయి. లేచినవి లేచినట్టే ఆగిపోయాయి.

ఫ్రేలీ కప్పు కింద పెట్టింది. కిందకి దిగి మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసి జూనీ పెదాలు తుడిచింది. కాగితం మీద బూడిద రంగు గీత పడింది. “ఇది ఎన్నాళ్ల నుంచి చేస్తోంది?” అని మెల్లగా అడిగింది.

నేనే చెప్పాను. “ఆకులు రాలకముందు నుంచి.”

టెస్సా అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. వచ్చి పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లి, కుళాయి తిప్పి దాని చేతులు కడగడం మొదలుపెట్టింది. ఆ నీళ్ల చప్పుడు చాలాసేపు ఆగలేదు. వర్లిన్ ఆ బకెట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు.

నగరంలో పిల్లల ఆసుపత్రిలో వారం ఉంచారు. రోగం రోజులు కాబట్టి టెస్సా ఒక్కదాన్నే లోపలికి రానిచ్చారు. మేం కారు నిలిపే చోట ట్రక్కులో కూర్చుని, జూనీ గది కిటికీ ఏదై ఉంటుందా అని లెక్కపెట్టుకునేవాళ్లం. లోపల మందు ఎక్కిస్తున్నారు, ఆ మందు రక్తంలోంచి సీసాన్ని లాగేస్తుందట. టెస్సా కిందకొచ్చి కిటికీ అద్దం దింపమని చెప్పింది.

“డాక్టరుతో మాట్లాడాను. రక్తంలోది తగ్గుతుందట.”

“మరి మాటలు?” అన్నాడు వర్లిన్.

“ఒంటికి చేసిన చెరుపు వెనక్కి తీసుకునే మందు లేదట నాన్నా. మాటలు రావచ్చు, రాకపోవచ్చు. బడికి వెళ్లే వయసొస్తే గానీ ఎంత పోయిందో తెలీదట.”

వర్లిన్ స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. బండి ఆగే ఉంది.

టెస్సా వెళ్లబోయి మళ్లీ వెనక్కి వచ్చింది. “అమ్మా, నేనూ ఆ వరండాలోనే పెరిగాను కదా. నేను కూడా కొరికేదాన్నా?”

నాకు గుర్తు లేదు. ఒట్టేసి చెబుతున్నాను, ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అది బళ్లో లెక్కలకి ఎంత ఏడ్చేదో మాత్రం గుర్తొచ్చింది. మేం బద్ధకమని తిట్టేవాళ్లం. “లేదే, నువ్వు కుక్కతో ఆడుకునేదానివి” అన్నాను. నమ్మిందో లేదో, తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

ఆసుపత్రి నుంచి జూనీని మా ఇంటికి తేలేదు. టెస్సా ఆశ్రమం దగ్గర ఒక గది అద్దెకి తీసుకుంది. ఎవరో తోటి ఆయా పిల్లని చూసుకోవడానికి ఒప్పుకుందట. ఏ మొహంతో వద్దంటాను?

ఇంట్లో మేం చేయగలిగింది కడగడం. వరండా చెక్కలు ఊడబెరికి కొత్తవి వేశాడు డోయల్. నేను గోడలూ నేలా సబ్బు నీళ్లతో కడిగిందే కడిగాను, చేతులు పగిలేదాకా. వర్లిన్ కోటుని మూటకట్టి కౌంటీ ఆరోగ్య శాఖ వాళ్లు తీసుకెళ్లారు. మెట్టు రాయిని వర్లిన్ ఒక్కడే గునపంతో పెకలించి, దొర్లించుకుంటూ వెళ్లి వాగు అవతల వదిలేశాడు. సాయం పట్టబోతే వద్దన్నాడు. అప్పటికీ ఎవరో ఒకరు డబ్బాతో వచ్చేవాళ్లు, విషయం తెలియక.

“ఇది సీసమేనా చూడు వర్లిన్ బాబాయ్.”

“నాకు తెలీదు.”

“నీకు తెలియకపోవడమేంటి? ఊరికే ఒకసారి రాయి మీద వెయ్యి.”

“తెలీదని చెప్పాగా. వెళ్లిరా నాయనా” అనేవాడు. గడ్డం గీసుకోవడం మళ్లీ మానేశాడు. ఈసారి నా వంటకి వంక కూడా పెట్టలేదు, ఏది పెడితే అది తిన్నాడు.

వేట తెరిచిన సోమవారం తెల్లారుతూనే కొండ మీద మొదటి తుపాకి పేలింది. తర్వాత ఇంకోటి, వాగు పైన ఇంకోటి. ఏటా ఆ వేళకి చెట్టెక్కి కూర్చునే మనిషి వంటింట్లో నా ఎదురుగా కూర్చుని చల్లారిన కాఫీ తిప్పుతున్నాడు. ఆ పేలేవన్నీ ఆయన పోసినవే. ఆ ఏడు లోయలో ఏ ఇంటి ఫ్రీజరూ ఖాళీగా లేదు. డోయల్ మంచి వీపు మాంసం కోసి తెచ్చి, “బావా, ఇది నీ వాటా” అని బల్ల మీద పెట్టాడు. సగం టెస్సాకి పంపాను. అది తిప్పి పంపేసింది. సీసం తూటాతో కొట్టిన మాంసంలో కంటికి కనపడని నలుసులు ఉంటాయట, పిల్లకి పెట్టొద్దన్నారట. టెస్సా తప్పేం లేదు. కానీ తరతరాలుగా పిల్లల్ని పెంచిన తిండి మా మనవరాలికి పనికిరాకుండా పోయింది.

వర్లిన్ కత్తి తీసుకున్నాడు. పెరట్లో వాల్‌నట్ కొమ్మ కోసి, పొద్దస్తమానం చెక్కుతూ కూర్చున్నాడు. వేలెడు వేలెడు ముక్కలు, అంచులు గుండ్రంగా. ఏంటవి అంటే చెప్పలేదు. రంగు వేస్తావా అంటే నా వైపు ఒక చూపు చూశాడు. నా పెద్ద గిన్నెలో నీళ్లు పోసి ఆ ముక్కలన్నీ ఉడకబెట్టాడు, ఆరబెట్టాడు, మళ్లీ ఉడకబెట్టాడు.

ఆ ఆదివారం టెస్సా పిల్లని తీసుకొచ్చింది. “గంటసేపే” అని ముందే చెప్పింది. జూనీ కొత్త ఎర్ర కోటులో ఉంది, కాస్త ఒళ్లు చేసింది. మమ్మల్ని చూసి నవ్వింది. నేను ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నాను. అది నా చేతుల్లోంచి జారి తాత కోటు వేలాడిన కొక్కెం దగ్గరికి వెళ్లి నిలబడింది. కొక్కెం ఖాళీగా ఉంది. కాసేపు తల ఎత్తి చూసి, తాత దగ్గరికి వచ్చింది.

“ఇలా రా బంగారం. ఇటు చూడు, తాత ఏం చేశాడో.”

వర్లిన్ కొత్త చొక్కా జేబు తెరిచి పట్టుకున్నాడు. జూనీ చెయ్యి పెట్టి ఒక చెక్క ముక్క తీసింది. దాని మొహం విప్పారింది. వర్లిన్ టెస్సా వైపు చూశాడు. “ఉత్త కర్రేనమ్మా. ఏమీ పూయలేదు. ఉడకబెట్టాను.”

“సరే నాన్నా” అంది టెస్సా. గొంతు మెత్తగానే ఉంది.

జూనీ దాన్ని నేల మీద వేసి, తల వంచి విన్నది. టప్పు కాదు, టింగు కాదు. మళ్లీ వేసింది. దానికి అర్థం కాలేదు. దాన్ని తీసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, దవడ పంటి కింద పెట్టి కొరికింది. బయటికి తీసి గుర్తు చూసింది, ఎర్ర కోటుకి తుడిచింది. తుడిచి తాత వైపు తిరిగి ఎదురుచూసింది.

వద్దనాలి. నేననాలి, లేదా ఆయన అనాలి. కర్రని కొరికితే ఏం కాదు, కానీ రేపు ఇంకోటి దొరికితే అదీ కొరుకుతుంది. వర్లిన్ చేతులు మోకాళ్ల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. టెస్సా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

జూనీ ఆయన చేతుల వైపు చూసింది. నా చేతుల వైపు, వాళ్లమ్మ చేతుల వైపు చూసింది. ఎవరివీ లేవలేదు. అప్పుడు అది చెక్క ముక్కని జాగ్రత్తగా కింద పెట్టి, తన రెండు చేతులతో తానే చప్పట్లు కొట్టుకుంది.